ముట్టుకుంటే వెలిగే బిందె: ఇప్పుడు ఆరనంటోంది

నిన్న రాత్రి ఒంటిగంటకి హాల్లో ఇత్తడి బిందె తనంతట తనే వెలిగింది. ఇంట్లో అందరం నిద్రలో ఉన్నాం, ముట్టుకున్నవాళ్ళు లేరు. లేచి ప్లగ్ పీకేసి పడుకున్నాను. పొద్దున్న చెప్తే అమ్మ "దిష్టి తగిలిందేమో, మిరపకాయలు తిప్పు" అంది. మూడు వారాలుగా నేను పెట్టిన తిప్పలకంటే అదే నయమేమో.

అనుకున్నది చిన్నదే. తణుకు దగ్గర అజ్జరంలో చేసిన అమ్మమ్మ బిందె. దాని మీద చెయ్యి వేస్తే లోపల నారింజరంగు వెలుగు అడుగు నుంచి మూతి దాకా నీళ్ళు నిండినట్టు పైకి రావాలి, సీలింగ్ మీద గుండ్రంగా పడాలి. చెయ్యి తీస్తే నాలుగు సెకన్లలో దిగిపోవాలి. చిల్లు పెట్టడానికి అమ్మ ఒప్పుకోలేదు కాబట్టి వైర్లన్నీ మూతి మీదుగానే. అంచున చింతపండుతో తోమి, క్రొకడైల్ క్లిప్ పెట్టి, ఈఎస్‌పీ32 అనే చిన్న కంట్రోలర్ బోర్డులో స్పర్శని కనిపెట్టే టచ్ పిన్‌కి కలిపాను.

బాగా వచ్చినవి ముందు చెప్పేస్తాను. బోర్డు సిగ్నల్‌ని ఎల్‌ఈడీలకి సరిపడా వోల్టేజీకి పెంచే 74ఏహెచ్‌సీటీ125 చిప్ పెట్టాక మొదటి ఎల్‌ఈడీ పిచ్చి రంగులు ఆగిపోయాయి. స్పర్శని కనిపెట్టే ఎంపీఆర్121 చిప్‌తో ఐదు స్టీలు గ్లాసుల వరస మొదటిరోజే పనిచేసింది.

ఇక బిందె. టచ్ పిన్ ఇచ్చే రీడింగ్ ముట్టుకుంటే తగ్గుతుంది. ఉత్త వైరు రీడింగ్ 62, పట్టుకుంటే 11. బిందె తగిలించి గ్రానైట్ నేల మీద పెడితే 15, ముట్టుకుంటే 12. దీంతో ఏం తేలుతుంది? చెక్క పీట మీద పెట్టాక 24, 17. ఇది చాలు అనుకుని 30 ఎల్‌ఈడీల స్ట్రిప్‌ని లోపలి గోడకి చుట్టూ అంటించాను. రీడింగ్ 21కి దిగింది, ముట్టుకుంటే 15. 18 కంటే దిగితే వెలగాలని హద్దు పెట్టాను. చెయ్యి వేశాను, వెలిగింది. తీశాను, ఆరలేదు. వెలుగుతున్నంతసేపూ, ఎవరూ ముట్టుకోకపోయినా, రీడింగ్ 15 దగ్గరే ఉంది. అంటే తన వెలుగునే చెయ్యి అనుకుంటోంది!

మొదటి అనుమానం కరెంటు మీద. మల్టీమీటర్ పెడితే 0.45 ఆంపియర్లు, స్ట్రిప్ చివర 4.86 వోల్టులు. పెద్ద తేడా కాదు. అయినా 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాను, 15 అలాగే ఉంది. స్ట్రిప్‌కి వేరే సప్లై ఇస్తే 16. డేటా వైరుని టచ్ వైరుకి ఒక జానెడు దూరం జరిపితే 16కీ 17కీ మధ్య ఊగింది. ఒక ఆదివారం మొత్తం దీనికే పోయింది.

అసలు సంగతి పొరపాటున దొరికింది. బ్రైట్‌నెస్ సగంలో ఉంటే 15. కోడ్‌లో తప్పు కొట్టి 255కి, అంటే పూర్తి వెలుగుకి, వదిలేస్తే 20! ఎక్కువ కరెంటు లాగుతున్నప్పుడే రీడింగ్ బాగుంది. అంటే గొడవ కరెంటు మోతాదుతో కాదు, వెలుగు తగ్గించడానికి ఎల్‌ఈడీలు లోపల సెకనుకి వందలసార్లు ఆరి వెలగడంతో. నా లెక్క ఏమిటంటే, స్ట్రిప్‌లోని రాగికీ ఇత్తడి గోడకీ మధ్య ఉన్నది పల్చటి జిగురు టేపు మాత్రమే, అదే కెపాసిటరై ఆ రొదనంతా గోడకి ఎక్కిస్తోంది.

రీడింగ్ తీసే 3 మిల్లీసెకన్లు ఎల్‌ఈడీలు ఆర్పి చూశాను. లెక్క కుదిరింది గానీ కంటి కొసకి మిణుకు తెలుస్తోంది, తలనొప్పి. తీసేశాను. చివరికి స్ట్రిప్ పీకి, అంగుళం పీవీసీ పైపుకి చుట్టి బిందె మధ్యలో నిలబెట్టాను. ఇప్పుడు ఆరినప్పుడు 23, ముట్టుకుంటే 16, వెలుగుతూ ఎవరూ ముట్టుకోనప్పుడు 21. వెలగడానికి 18, ఆరడానికి 20 అని రెండు హద్దులు పెట్టాను. రెండు రోజులు బంగారంలా నడిచింది.

మూడో రాత్రి ఒంటిగంట సంగతి పైన చెప్పాను. అది ఫ్రిజ్ పని. కంప్రెసర్ ఆన్ అయినప్పుడు రీడింగ్ అటూ ఇటూ 5 దాకా ఎగురుతోంది. నా రెండు పిన్నుల ఫోన్ ఛార్జర్‌కి ఎర్త్ లేదు కదా. మూడు పిన్నుల ఛార్జర్ పెట్టిన ల్యాప్‌టాప్ నుంచి ఇస్తే నిమ్మళంగా ఉంది. పవర్‌బ్యాంక్‌తోనూ ఊగిసలాట లేదు, కానీ దానికి నేలతో సంబంధం లేదు కాబట్టి ముట్టుకుంటే వచ్చే తేడా 3 మాత్రమే. పైగా బిందె ఆరి ఉంటే లోడ్ చాలక అర నిమిషంలో అదీ నిద్రపోతుంది.

ఈరోజు సాయంత్రం చాప కింద వంటింటి అల్యూమినియం ఫాయిల్ పరిచి, పవర్‌బ్యాంక్‌తో నడుస్తున్న బోర్డు గ్రౌండ్‌కి కలిపాను. చాప మీద నిలబడి ముట్టుకుంటే తేడా 9! చెప్పులతో కూడా 7 వచ్చింది. సంక్రాంతి బొమ్మల కొలువు కోసమే ఇదంతా. పేరంటానికి వచ్చినవాళ్ళు ఎలాగూ జంఖానా మీదే కూర్చుంటారు. ఫాయిల్ పదిమంది తొక్కుడికి నిలవదు, రాగి టేపు తెప్పించాలి.

ఎల్‌ఈడీలని నడిపే కోడ్ లైబ్రరీల విషయంలో నా ఓటు ఫాస్ట్‌ఎల్‌ఈడీకే. కోడ్ రాయక్కర్లేని రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ డబ్ల్యూఎల్‌ఈడీ కూడా అద్భుతమే, గోడకి దీపాల వరస కావాలంటే అంతకంటే సుఖం లేదు. కానీ ఇలా ప్రతి రీడింగ్‌తో కుస్తీ పట్టేటప్పుడు సొంత కోడే మేలు. 2012లో డిస్నీ రీసెర్చ్ వాళ్ళు చూపిన టుషే అనే స్పర్శ పద్ధతి ఒకే వైరుతో, ఒక్క ఫ్రీక్వెన్సీ కాకుండా చాలా ఫ్రీక్వెన్సీలు పంపి, ఒక వేలితో ముట్టుకున్నారా, గుప్పిట పట్టుకున్నారా అని కూడా చెప్పేది. బిందె మెడ పట్టుకుంటే ఒక రంగు, చంకనెత్తుకుంటే ఇంకో రంగు వస్తే ఎలా ఉంటుంది! అది వచ్చే ఏడాది మాట.

ఈలోపు ఏటికొప్పాక బొమ్మలు. అవి చెక్కవి కాబట్టి కింద రాగి టేపు అంటించి ఎంపీఆర్121కి ఇస్తే సరి. ఆ తర్వాత చేట: వెనక కదలికని కనిపెట్టే ఎంపీయూ6050 సెన్సర్ కట్టి, చెరిగినప్పుడల్లా వెలుగు గింజల్లా ఎగిరి ముందుకి జారాలి. వెదురు కాబట్టి ఈ రీడింగ్‌ల గోల ఉండదు. చేట అడిగితే అమ్మ "ముందు నా బిందె తీసిచ్చి మాట్లాడు" అంది.