మెడ కింద చెయ్యి పెట్టి చూశావా?

జీఎన్ఎం అనే నర్సింగ్ కోర్సు మూడేళ్లు చదివి, నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ చేయించుకుని స్టాఫ్ నర్సుగా చేరాను. ఆడవాళ్ల సర్జికల్ వార్డులో వేశారు. పొద్దున ఎనిమిదికి హ్యాండోవర్, అంటే డ్యూటీ అప్పగింత. నైట్ సిస్టర్ మంచం మంచానికీ ఆగి గబగబా చెప్పుకుపోయింది: హెర్నియా రెండో రోజు, అపెండిక్స్ నిన్న రాత్రిది, రేపటి కేసులకు అర్ధరాత్రి నుంచి ఎన్‌బీఎం, అంటే నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదు. నా నోట్‌బుక్కులో అందులో సగం కూడా పడలేదు.

కడుపు ఆపరేషన్ అయినవాళ్లని "గాలి పోయిందా అమ్మా?" అని అడగడానికి రెండ్రోజులు సిగ్గుపడ్డాను. మూడో రోజుకల్లా ఆ కబురు కోసం పేషెంటు కంటే నేనే ఎక్కువ ఎదురుచూశాను. పేగులు కదులుతున్నాయనడానికి అదే గుర్తు మరి.

నిజంగా చిక్కు వచ్చింది థైరాయిడ్ కేసుతో. థియేటర్‌కి పంపేముందు గాజులు, మెట్టెలు, పుస్తెలు అన్నీ తీయించాలి. లోపల కరెంటుతో రక్తనాళాలు మూసేటప్పుడు ఒంటిమీద లోహం ఉంటే చర్మం కాలే ప్రమాదముంది. ఇదంతా వివరంగా చెప్పాను. ఆవిడ మాత్రం "చచ్చినా పుస్తెలు తియ్యను తల్లీ" అని కూర్చుంది. బయట స్ట్రెచర్ వాళ్ల కేకలు. మా సీనియర్ సిస్టర్ వచ్చి, ఒక్క మాట వాదించకుండా, వాళ్ల అత్తగారితో పసుపుకొమ్ము దారం తెప్పించింది. "ఆపరేషన్ మెడకే కదమ్మా, చేతికి కట్టండి." అంతే, ఆవిడే పుస్తెలతాడు తీసి అత్తగారి చేతిలో పెట్టింది.

ఆ మధ్యాహ్నం ఆవిడ వార్డుకి వచ్చాక నాకు అప్పగించారు. మొదటి గంట పావుగంటకోసారి పల్స్, బీపీ, శ్వాస చూసి రాయాలి. కట్టు తెల్లగా ఉంది. గాయం లోపల చేరే రక్తాన్ని పైపుతో బయటికి తీసే డ్రెయిన్ బాటిల్లో కొంచెమే వచ్చింది. "డ్రెస్సింగ్ పొడిగా ఉంది" అని రెండుసార్లు రాశాను. పల్స్ 88 నుంచి 104, తర్వాత 116. బీపీ బాగానే ఉంది కాబట్టి నొప్పి వల్లేమో అనుకున్నాను.

సీనియర్ సిస్టర్ చార్టు చూసి, "మెడ కింద చెయ్యి పెట్టి చూశావా?" అంది.

పెట్టాను. గ్లవ్ ఎర్రగా తడిసి వచ్చింది. పడుకున్న మనిషికి రక్తం ముందుకెందుకు కారుతుంది, వెనక్కి జారుతుంది గానీ! డ్రెయిన్ పైపు గడ్డకట్టి మూసుకుపోయింది. "గొంతు బిగిసినట్టుంది సిస్టర్" అని ఆవిడ గొంతు పెగుల్చుకుని అంది. మంచం పక్కన కుట్లు విప్పే ట్రే ఎందుకు పెట్టించారో నాకు అప్పుడు అర్థమైంది: లోపల చేరిన రక్తం గొంతును నొక్కేస్తే అక్కడికక్కడే కుట్లు విప్పడానికి. డాక్టర్‌గారు పరుగున వచ్చారు. తిరిగి థియేటర్‌కి. లిఫ్టు దాకా పల్స్ పట్టుకునే నడిచాను, నా వేళ్ల కింద ఆ పసుపుదారం.

కారుతున్న నాళాన్ని కట్టేశారు. ఐదో రోజు ఇంటికి వెళ్తూ కూడా ఆవిడ చేతికి దారం అలాగే ఉంది. పుస్తెలు అత్తగారి కొంగుముడిలో ఉన్నాయి. "పుండు ఆరనీ, తర్వాత వేసుకుందువులే" అంటోంది ఆ పెద్దావిడ.