బేస్‌మెంట్‌లో తాళం గది

మిషిగన్‌లో నేను పనిచేసే ఆసుపత్రి బేస్‌మెంట్‌లో ఒక గది తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. తలుపు మీద పసుపు బోర్డు, దాని మీద మూడు రేకుల రేడియేషన్ గుర్తు. లోపల అరల నిండా సంచులు. థైరాయిడ్ కాన్సర్‌కి అయోడిన్-131 అనే రేడియోధార్మిక మందు మింగిన రోగుల గదుల్లోంచి వచ్చిన దుప్పట్లు, పేపర్ ప్లేట్లు, గ్లౌజులు. ప్రతి సంచికీ ఒక చీటీ: అందులో ఏముంది, ఏ తారీఖున మూతి కట్టాం, కట్టింది ఎవరు.

విశాఖలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి వచ్చి ఈ ఉద్యోగంలో చేరానని చెప్పగానే అమ్మ ఫోన్లో, "అంత చదివి చెత్తకి కాపలానా నాన్నా?" అంది. కాపలాయేనమ్మా అన్నాను. ఇన్నేళ్లయినా అదే మాట చెబుతాను, గర్వంగానే.

హాఫ్‌లైఫ్, అంటే రేడియోధార్మికత సగానికి పడిపోయే కాలం, 120 రోజులకు మించని పదార్థమైతే తాళం వేసి చల్లారనివ్వచ్చని ఇక్కడి ఫెడరల్ రూలు. అయోడిన్-131కి అది 8 రోజులు, అంటే 80 రోజుల్లో దాదాపు వెయ్యో వంతుకి పడిపోతుంది. అలాగని కాగితం మీద లెక్క కట్టి పారేస్తే ఒప్పుకోరు, కొలిచి చూడాలి. ముందు హాలు చివరికి పోయి మీటరు పట్టుకుంటాను. నిమిషానికి నలభై, యాభై టిక్కులు. ఇది మట్టీ ఆకాశమూ ఎప్పుడూ ఇచ్చేదే. తర్వాత సంచిని సీసం అడ్డులోంచి బయటికి తీసి, నలువైపులా మెల్లగా తిప్పి చూస్తాను. రెండిటికీ తేడా తెలియకూడదు. తెలిస్తే మళ్లీ అరలోకే.

తేడా లేకపోయినా ఇంకో పని మిగులుతుంది. నల్ల మార్కర్ తీసుకుని సంచి మీదున్న ప్రతి రేడియేషన్ గుర్తునీ కనపడకుండా కొట్టేయాలి. అది కూడా రూలే. మొదట్లో ఎందుకో అర్థం కాలేదు. ప్రమాదం లేని సంచి మీద ఆ గుర్తు నాలుగుసార్లు చూసినవాడు, ఐదోసారి నిజంగా ఉన్నదాన్ని కూడా లెక్కచెయ్యడు. ఈ చట్టంలో నాకు బాగా నచ్చిన చోటు ఇది.

ఒకసారి మామూలు చెత్త లారీని డంపింగ్ యార్డు గేటు దగ్గర ఆపేశారు. అక్కడి డిటెక్టర్ మోగింది. లారీ వెనక్కొచ్చింది. నేనూ మరొకతనూ ఒక్కో సంచీ వేరుచేస్తూ పోతే చివరికి దొరికింది రేడియోధార్మిక మందు తీసుకున్న ఒక పెద్దాయన డైపరు. వార్డులో ఎవరో మామూలు బుట్టలో వేసేశారు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ రాత్రి నాకు మాయాపురి గుర్తొచ్చింది. 2010లో ఢిల్లీలో, ఒక విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి వాడకుండా పడున్న గామా యంత్రాన్ని వేలంలో పాత ఇనుము కింద అమ్మేశారు. స్క్రాప్ దుకాణంలో విప్పారు. లోపల రేడియోధార్మిక లోహం, కోబాల్ట్-60 ఉంది. ఒకతను చనిపోయాడు. దాన్ని విప్పిన చేతులకి అదేమిటో ఎవరూ చెప్పలేదు.

చల్లారనివి కూడా ఉన్నాయి. రేడియోధార్మిక హైడ్రోజన్ అయిన ట్రిటియం హాఫ్‌లైఫ్ 12 ఏళ్ల పైమాటే, రేడియోధార్మిక కార్బన్ అయిన కార్బన్-14ది 5,730 ఏళ్లు. వీటిని పాతిపెట్టాలి, ఎక్కడన్నదే గొడవ. ఇలాంటి చెత్త విషయంలో ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రమే బాధ్యత అని 1980లో చట్టం చేశారు. పాతే చోటు కలిసి చూసుకోవడానికి రాష్ట్రాలు జట్లు కట్టాయి. చోటు చూపించని రాష్ట్రం ఆ చెత్తకి తానే యజమాని కావాలన్న 1985 నాటి నిబంధనని 1992లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ జట్ల పద్ధతిలో తెరిచిన కొత్త చోటు ఇన్నేళ్లలో ఒక్కటే, టెక్సస్‌లో ఆండ్రూస్ కౌంటీ, అదీ 2012లో. మా మిషిగన్‌ని 1991లో జట్టులోంచి తీసేశారు. 1990 నుంచి 1995 దాకా ఇక్కడి చెత్తని ఏ రాష్ట్రమూ తీసుకోలేదు. ఆసుపత్రులూ ల్యాబులూ ఎవరి డ్రమ్ములు వాళ్లే దాచుకున్నాయని, రిటైరైన మా పెద్ద సూపర్‌వైజర్ చెప్పేవాడు. అవి పెట్టడానికి ఒక స్టోర్ రూమ్ ఖాళీ చేశారట.

మా దగ్గరుండే ఈ చెత్తని 'లో లెవెల్' అంటారు గానీ, ఆ పేరు విని తక్కువ ప్రమాదమనుకోకూడదు. వాడేసిన రియాక్టర్ ఇంధనమూ, దాన్ని శుద్ధి చేయగా మిగిలే హై లెవెల్ చెత్తా, యురేనియం మిల్లు మట్టీ లాంటివి పోగా మిగిలిన రేడియోధార్మిక చెత్త దాదాపు అంతా ఇందులోకే వస్తుంది. ప్రమాదం పెరిగే కొద్దీ ఎ, బి, సి అని తరగతులు. సి తరగతికి, ఎప్పుడో ఒకడు తెలియక తవ్వితే వాడికి తగలకుండా 500 ఏళ్లు నిలిచే అడ్డు గానీ, అంతకు తగిన లోతు గానీ ఉండాలి. ఆ చోటుకి మనుషుల కాపలా 100 ఏళ్లకు మించి ఉంటుందని నమ్ముకుని డిజైన్ చేయకూడదు. ఊరూ పేరూ తెలియని ఆ తవ్వేవాడి కోసం చట్టం రాశారు చూడండి, అది చదివిన రోజు చాలాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను.

పోయిన వారం ఒక ప్రొఫెసర్ రిటైరయ్యాడు. ఆయన ల్యాబు ఫ్రిజ్‌లో వెనకాల, మంచు పట్టిన డబ్బాలో కార్బన్-14 సీసాలు దొరికాయి. ఇవి ఎ తరగతి, యూటా రాష్ట్రంలో ఇలాంటివి పాతిపెట్టే చోటు, క్లైవ్‌కి పోతాయి. మంగళవారం ట్రక్కు వస్తుంది. ఫారంలో ప్రతి సీసాకీ పరిమాణం రాయాలి. ఒక చీటీ తడిసి అక్షరాలు చెదిరిపోయాయి. ఆ ఒక్కటీ పక్కన పెట్టి, పాత రిజిస్టర్లు తిరగేస్తున్నాను.