లెక్కల పేపరు ఒకసారి చూపించండి మాస్టారూ

2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్ అంతటా ప్రభుత్వ బడుల్లో మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగింది. మా అమ్మాయి అప్పుడు జిల్లా పరిషత్ హైస్కూల్లో ఏడో తరగతి. ముగ్గులు, ఆటలు, పిల్లలతో కలిసి భోజనం, అన్నీ బాగున్నాయి. ప్రోగ్రెస్ కార్డు చూస్తే లెక్కల్లో మాత్రం తక్కువ గ్రేడు, సీ2. క్లాస్ టీచరు గారు “తెలివైన పిల్లేనమ్మా, ఇంకాస్త శ్రద్ధ పెట్టాలి” అన్నారు. నా వెనక చాలామంది నిలబడి ఉన్నారు, పక్కకు తప్పుకున్నాను.

రోజూ దీపాలు పెట్టే వేళకే పుస్తకం తీసే పిల్ల. ఇంకా శ్రద్ధ అంటే ఏం చేయించాలి?

తర్వాతి వారం ఖాళీ పీరియడ్ కనుక్కుని లెక్కల మాస్టారి దగ్గరికి వెళ్లాను. టీచర్లను ఏదైనా అడగాలంటే మాలాంటి తల్లులు చాలామంది జంకుతారు. 2009 విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ చూడండి. టీచర్లు తల్లిదండ్రులను క్రమం తప్పకుండా కలిసి హాజరు, నేర్చుకునే శక్తి, చదువులో ప్రగతి చెప్పాలని అందులోనే ఉంది. అడగడం తప్పు పట్టడం కాదు.

“మార్కుల కోసం రాలేదు మాస్టారూ, పిల్ల రాసిన పరీక్ష పేపరు ఒకసారి చూపించండి” అన్నాను. ఆయన కట్ట విప్పి తీశారు. భిన్నాలు, సమీకరణాలు చక్కగా చేసింది. వాక్యాల్లో ఇచ్చిన లెక్కలు మాత్రం ముట్టుకోలేదు. మాస్టారు వెంటనే పిల్లను పిలిపించి, పుస్తకంలో లాభనష్టాల లెక్క ఒకటి చదవమన్నారు. ఇంగ్లీషు పేజీలో మధ్యలోనే ఆగిపోయింది. ఎదుటి పేజీలో తెలుగు కూడబలుక్కుని చదివింది; చివరికి వచ్చేసరికి మొదటి వాక్యం గుర్తులేదు. అదే లెక్క ఆయన నోటితో చెప్పగానే జవాబు చెప్పేసింది. రానిది లెక్క కాదు, చదవడం! ఈ సంగతి కార్డులో వేసే గ్రేడు ఏదైనా చెబుతుందా?

అక్కడే ఒక పద్ధతి అనుకున్నాం. రోజూ ఒక లెక్క పైకి చదవాలి, ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో. దాన్ని సొంత మాటల్లో నాకు చెప్పాకే పెన్సిలు పట్టాలి. శనివారం నోటుపుస్తకం చివరి పేజీలో ఎక్కడ ఆగుతోందో మాస్టారు ఒక వాక్యం రాస్తారు, కింద నేను ఇంట్లో సంగతి రాస్తాను. పని ఒత్తిడిలో ఆయన మరిచిపోతే పిల్లే వెళ్లి రాయించుకునేది.

తర్వాతి పరీక్ష పేపరును నేను అడగకముందే పంపారు. వాక్యాల లెక్కలన్నీ రాసింది, ఒకదానిలో శాతం తప్పింది. ఇక సైన్సు టీచరు గారిని కలవాలి. అందులోనూ పెద్ద ప్రశ్నలే వదిలేస్తోంది.