మూడు క్రెడిట్ల ప్రసంగం

మా అమ్మాయి పన్నెండో తరగతి చివరి సెమిస్టర్‌లో ఉండగా, కాలేజీలో చేరకముందే ప్రసంగ కోర్సును ఒక పరీక్షతో పూర్తి చేసుకోవచ్చని మాకు తెలిసింది. టెక్సస్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ప్రతి విద్యార్థీ పూర్తి చేయవలసిన 42 క్రెడిట్ గంటల (డిగ్రీకి చదువును లెక్కగట్టే కొలత) కోర్ పాఠ్యక్రమంలో 6 గంటలు కమ్యూనికేషన్‌కు కేటాయించారు. చాలాచోట్ల ఆ ఆరూ ఇంగ్లీషు రచనకే సరిపోతాయి. కొన్నిచోట్ల దానికి తోడు ప్రసంగ కోర్సు కూడా అడుగుతారు. మా అమ్మాయి చేరబోయే కాలేజీ ఆ రెండో రకం.

పరీక్ష రాసి తరగతి తప్పించుకోవడం మా ఇంట్లో కొత్త సంగతి కాదు. ఇక్కడి బడుల్లో, ముందుగా ఆ పాఠం చదువుకోని పిల్లలు సీబీఈ (క్రెడిట్ బై ఎగ్జామ్) అనే పరీక్షలో 80 శాతం తెచ్చుకుంటే ఆ కోర్సు చదివినట్టే లెక్క. మా అమ్మాయి లెక్కల్లో ఒక ఏడాది అలాగే దాటింది. ఎంసెట్ ర్యాంకుల మధ్య పెరిగిన మావారికీ నాకూ పరీక్ష అంటే భయం కన్నా నమ్మకమే ఎక్కువ. కాబట్టి ఒక సెమిస్టర్ కోర్సు ఫీజుకు బదులు వంద డాలర్ల చిల్లరతో పోతుందంటే రెండో ఆలోచన చేయలేదు.

కాలేజీ క్రెడిట్లు తెచ్చిపెట్టే పరీక్షల్లో, కాలేజ్ బోర్డు అనే సంస్థ 1967 నుంచి నడుపుతున్న క్లెప్‌ను ముందుగా చూశాము. అందులో వ్యాసాలు రాయించే కాలేజ్ కాంపోజిషన్ పరీక్ష ఉంది గానీ ప్రసంగానికి పరీక్ష లేదు. అది ఉన్నది డీఎస్‌ఎస్‌టీ అనే మరో పరీక్షల వరుసలో. మొదట సైనికుల చదువు కోసం పుట్టి తరువాత అందరికీ తెరిచిన ఈ పరీక్షల్లో ‘ప్రిన్సిపుల్స్ ఆఫ్ పబ్లిక్ స్పీకింగ్’ ఒకటి. దానిలో రెండు భాగాలుంటాయి. మొదటిది బహుళైచ్ఛిక ప్రశ్నలు: శ్రోతలను అంచనా వేయడం, ప్రసంగ నిర్మాణం, ఆధారాలు, సభాభయం, వినడం వంటివి. రెండోదానిలో అప్పటికప్పుడు ఇచ్చిన అంశం మీద, వినేవారిని ఒప్పించేలా 3 నుంచి 5 నిమిషాలు మాట్లాడి రికార్డు చేసి ఇవ్వాలి. ప్రశ్నల భాగంలో ఉత్తీర్ణతకు కావలసిన 400 తెచ్చుకున్నా, ప్రసంగం గట్టెక్కకపోతే క్రెడిట్లు రావు.

మొదటి భాగం రెండు వారాల్లో చదివేసింది. పర్డ్యూ విశ్వవిద్యాలయానికి చెందిన అలన్ మన్రో వినేవారిని ఒప్పించడానికి 1930లలో రూపొందించిన ఐదు మెట్ల క్రమం చదివి నాకు చెబుతుంటే, మా చిన్నప్పుడు అరుగు మీద మూట దించిన చీరలాయన గుర్తొచ్చాడు. ముందు ఒక మెరుపు చీర విదిల్చి అందరినీ చేరదీయడం, పెళ్లిళ్ల కాలమని గుర్తుచేయడం, దానికి తగిన చీర ఇదేనని చూపడం, ఇది కట్టుకుని పందిట్లోకి వెళితే ఎలా ఉంటుందో ఊహింపజేయడం, చివరికి ‘డబ్బులు వచ్చే నెలలో ఇవ్వండమ్మా’ అని మడత మన చేతిలో పెట్టడం. ఆయన ఏ పుస్తకమూ చదివి ఉండడు.

అసలు చిక్కు రెండో భాగంతో వచ్చింది. ఇంగ్లీషు నాకన్నా వందరెట్లు బాగా మాట్లాడే పిల్ల, భోజనాల బల్ల దగ్గర నన్ను ఒప్పించమంటే రెండు వాక్యాలు చెప్పి, నా ముఖం చూసి ఆగిపోయేది. కారణం నాకు తెలియనిది కాదు. పదిహేడేళ్లుగా ‘పెద్దవాళ్లకు ఎదురు చెప్పకు’ అన్నదీ నేనే, ఇప్పుడు స్టాప్‌వాచ్ పట్టుకుని ‘నా మాట తప్పని నిరూపించు’ అంటున్నదీ నేనే. బడిలో వాదించి, ఇంట్లో తల ఊపడం నేర్చుకున్న పిల్లను, ఈ రెండూ ఒకేచోట చేయమని నేనెన్నడూ అడగలేదు.

ఆ వేసవికి మా అత్తగారు వచ్చి ఉన్నారు. ఒక సాయంత్రం ‘ముందుగా చెప్పకుండా ఇంటికి రావడం తప్పు’ అనే అంశం తీసుకుని, నాయనమ్మకు అర్థం కావాలని తెలుగులోనే మొదలుపెట్టింది. ఇంగ్లీషులో వాడిన గణాంకాలు వదిలేసి, పొయ్యి మీద పప్పు మాడిపోతుండగా తలుపు తట్టిన అతిథి కథ చెప్పింది. శ్రోతలను బట్టి మాటను మలచడమంటే ఏమిటో నాకు అప్పుడే తెలిసింది. ఆవిడ శ్రద్ధగా విని, “మీ తాతయ్య పోయిన రాత్రి మన వాకిట్లో నిలబడ్డవాళ్లలో చెప్పి వచ్చింది ఎవరే?” అని అడిగారు.

అమ్మాయి చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, “కష్టంలో రావడం వేరు నాయనమ్మా. నేను మామూలు రోజుల సంగతి చెబుతున్నాను,” అంది. అవతలివారి వాదనను ఒప్పుకుంటూనే తన మాట నిలబెట్టుకోవాలని పుస్తకంలో ఒక అధ్యాయమే ఉంది. అత్తగారు పూర్తిగా ఒప్పుకోలేదు. ఎదురు చెప్పిందని కోపగించుకోనూ లేదు. నేనే అనవసరంగా కంగారుపడి కాఫీ కలపడానికి లేచాను.

పరీక్షకు తానొక్కతే లోపలికి వెళ్లింది, నేను కారులో కూర్చున్నాను. కొన్నాళ్లకు గట్టెక్కిందని తెలిసింది. అయితే కాలేజీవారు ఆ 3 క్రెడిట్లను ప్రసంగ కోర్సు స్థానంలో కాకుండా ఎలెక్టివ్‌గా, అంటే ఐచ్ఛిక కోర్సుగా, నమోదు చేశారు. మేము చేసిన పొరపాటు ఇక్కడే ఉంది. ఇలాంటి పరీక్షలకు ఎన్ని క్రెడిట్లు ఇవ్వవచ్చో అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ అనే సంస్థ సిఫారసు మాత్రమే చేస్తుంది. దేనికి బదులుగా లెక్కించాలో తేల్చేది ఆయా కాలేజీలే. ఫీజు కట్టకముందే అడ్వైజరును ‘క్రెడిట్ ఇస్తారా’ అని కాక ‘ఏ కోర్సుకు బదులుగా ఇస్తారు’ అని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకుని ఉండవలసింది. మావారు ఫోను అందుకోబోతే అమ్మాయి వారించి, తానే వినతి రాసుకుని, తానే వెళ్లి మాట్లాడింది. నాలుగు వారాల తరువాత దిద్దారు.

ఈ సంగతి చెప్పగానే అత్తగారు ఫోనులో మొదట అడిగింది, “ఎన్ని మార్కులొచ్చాయే?” అని. ట్రాన్స్‌క్రిప్ట్‌లో మార్కూ లేదు, గ్రేడూ లేదు, క్రెడిట్ ఇచ్చినట్టు ఒక్క మాటే ఉంది. అది ఆవిడకు నమ్మకం కలిగేలా ఎలా చెప్పాలో అమ్మాయి ఇంకా ఆలోచిస్తోంది.