పెరోటిడ్ చుట్టూ గీసిన గీత: రేడియోథెరపీ పరిశోధనలో నా అనుభవం

తల, మెడ క్యాన్సర్లకు రేడియోథెరపీ, అంటే కిరణాలతో చేసే చికిత్స, సాధారణంగా 35 విడతల్లో, ఏడు వారాలపాటు, మొత్తం 70 గ్రే (శరీరం గ్రహించే కిరణాల డోసుకు కొలమానం) డోసుతో సాగుతుంది. చాలాచోట్ల మొదట తీసిన సీటీ మీద అవయవాల హద్దులు గీసి, వాటి ఆధారంగా వేసిన ప్లానే చివరిదాకా నడుస్తుంది. అయితే మూడు నాలుగు వారాలు గడిచేసరికి తిండి సరిగా మింగలేక రోగి బరువు తగ్గుతారు, ముఖానికి బిగించే మాస్క్ వదులవుతుంది, చెవి ముందుండే పెరోటిడ్ అనే లాలాజల గ్రంథి కుంచించుకుపోయి లోపలి వైపుకు, అంటే ఎక్కువ డోసు పడే చోటికి జరుగుతుంది. మధ్యలో మళ్లీ సీటీ తీస్తే ఈ గ్రంథికి అందే డోసు ఎంత మారినట్లు కనిపిస్తుందన్నదే నా పరిశోధనాంశం.

పెరోటిడ్ మీద ఇంత శ్రద్ధ ఎందుకో చెప్పాలి. లాలాజలం లేనివారికి చారన్నం కూడా గొంతు దిగదు, పళ్లు పాడవుతాయి, రాత్రి నిద్ర పట్టదు. బ్రిటన్‌లో జరిగిన పార్‌స్పోర్ట్ అధ్యయనం ఫలితాలు 2011లో వెలువడ్డాయి. ఏడాది నాటికి నోరు బాగా ఎండిపోయే బాధ పాత పద్ధతిలో 74 శాతం మందికి ఉండగా, కిరణాల తీవ్రతను చోటును బట్టి మార్చే ఐఎంఆర్‌టీ పద్ధతిలో ఈ గ్రంథిని తప్పిస్తూ ఇచ్చినప్పుడు 38 శాతం మందికే ఉందని అది తేల్చింది. కరెంటు పెట్టించుకోవడానికి, అంటే రేడియోథెరపీకి, వచ్చేవారిలో గుట్కా, ఖైనీ అలవాటున్నవారూ, ఉత్తరాంధ్ర తీరం నుంచి అడ్డపొగ (చుట్ట మండే కొసను నోట్లో పెట్టుకుని పీల్చడం) వల్ల అంగిలికి క్యాన్సర్ సోకి వచ్చే ఆడవాళ్లూ ఉంటారు. వ్యాధి తగ్గాక వారికి మిగిలే జీవితం ఎలా ఉంటుందన్నది ఈ గ్రంథి మీద చాలావరకు ఆధారపడి ఉంటుంది.

ఎథిక్స్ కమిటీ నన్ను మొదట అడిగిన ప్రశ్న సూటిగానే ఉంది: పరిశోధన కోసం అదనంగా మరో సీటీ ఎందుకు తీయాలి? సీటీ డోసు మిల్లీగ్రేలలోనూ, చికిత్స డోసు గ్రేలలోనూ ఉంటుందనీ, రెంటికీ పోలికే లేదనీ జవాబిచ్చాను. రోగికి మేలు చేయని డోసు ఎంత చిన్నదైనా అదనమే అవుతుందని కమిటీ అభిప్రాయపడింది, ఆ మాటలో న్యాయముంది. కాబట్టి వైద్యులు తమ అవసరం కొద్దీ రెండో సీటీ తీయించిన రోగులను మాత్రమే తీసుకున్నాను. దీనితో మరో చిక్కు వచ్చింది. రెండో సీటీ అవసరమయ్యేది బాగా చిక్కిపోయినవారికే కనుక, మార్పు సగటున ఎంత ఉంటుందో ఈ రోగులను బట్టి చెప్పడం కుదరదు. ఆ పరిమితిని ప్రోటోకాల్‌లోనే, అంటే పరిశోధన ప్రణాళిక పత్రంలోనే, రాసిపెట్టాను.

తరువాతిది రోగిని గుర్తుపట్టే వివరాలు తొలగించే పని. వైద్య చిత్రాలను భద్రపరిచే డైకామ్ ఫైళ్లలో పేరు, ఆసుపత్రి నంబరు, పుట్టిన తేదీ తీసేయడం తేలికే. ప్రతి ఫైలుకూ ఉండే గుర్తింపు సంఖ్యను మార్చేటప్పుడు మాత్రం సీటీ, అవయవాల హద్దు గీతలు, ప్లాన్, డోసు ఫైళ్లన్నింటిలోనూ ఒకే తీరున మార్చాలి. లేదంటే డోసు ఏ బొమ్మ మీదిదో కంప్యూటర్‌కు తెలియదు. ఇంత చేసినా ముఖం మిగులుతుంది. అమెరికాలోని మాయో క్లినిక్ పరిశోధకులు 84 మంది తల ఎంఆర్‌ఐల నుంచి ముఖాలను తిరిగి రూపొందించి ఫొటోలతో పోల్చగా, 83 శాతం మందిని సాఫ్ట్‌వేర్ సరిగ్గా గుర్తించిందని 2019లో ప్రకటించారు. మా పనిలో ముఖాన్ని చెరిపేయలేం, ఎందుకంటే కిరణాలు చర్మం ఉపరితలాన్ని దాటే చోటి నుంచే డోసు లెక్క మొదలవుతుంది. అందువల్ల ఆ డేటాను ఆసుపత్రి కంప్యూటర్ దాటనీయకూడదని నిర్ణయించుకున్నాం.

అసలు కష్టం గీత గీయడంలో ఉంది. అవయవాల హద్దులు ఎలా గుర్తించాలో 2015లో అంతర్జాతీయ మార్గదర్శకాలు వచ్చాయి. వాటిని ముందు పెట్టుకుని గీసినా, ఒకే పెరోటిడ్‌కు ఇద్దరు అనుభవజ్ఞులైన వైద్యులు గీసిన గీతలు పూర్తిగా కలవవు. పళ్లలో లోహం నింపి ఉంటే సీటీలో చారలు పడి హద్దు మరుగవుతుంది. సిస్‌ప్లాటిన్ అనే కీమోథెరపీ మందు తీసుకున్నాక మూత్రపిండాలకు భారమని రెండో సీటీని తరచు కాంట్రాస్ట్ (బొమ్మలో కణజాలాలు విడిగా కనిపించేలా ఎక్కించే మందు) ఇవ్వకుండానే తీస్తారు, అప్పుడు గ్రంథి లోపలి భాగం పక్కనున్న కణజాలంలో కలిసిపోయినట్లు కనిపిస్తుంది. కాబట్టి గ్రంథి కుంచించుకుపోయిందని మేము కొలిచినదాంట్లో కొంత గీతల తేడాయే కావచ్చు.

అవయవాల హద్దులను తనంతట తానే గీసే ఆటో కాంటూరింగ్ సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించేటప్పుడు ఇదే సమస్య మరో రూపంలో ఎదురైంది. రెండు గీతలు ఎంత కలిశాయో 0 నుంచి 1 వరకు చెప్పే డైస్ స్కోరును అందరూ వాడతారు. పెరోటిడ్ కాస్త పెద్ద అవయవం కనుక దానికి ఈ స్కోరు చూడముచ్చటగానే వస్తుంది. కానీ చర్మం వైపు గీత రెండు మిల్లీమీటర్లు తప్పినా సగటు డోసు పెద్దగా మారదు. గొంతు వైపున డోసు నిటారుగా పెరుగుతుంది, అక్కడ అదే రెండు మిల్లీమీటర్లు లెక్కను తేడా చేస్తాయి. ఏ అవయవం ఎంత డోసును తట్టుకుంటుందో సమీక్షించిన క్వాంటెక్ 2010లో ఇచ్చిన సూచన ప్రకారం రెండు పెరోటిడ్‌లకూ సగటు డోసు 25 గ్రే లోపు ఉండాలి, లేదా కనీసం ఒకదానికి 20 గ్రే లోపు ఉండాలి. ఈ హద్దుకు దగ్గరగా ఉన్న రోగి విషయంలో డైస్ స్కోరు ఎంత బాగున్నా దానిని నమ్మి నిర్ణయం తీసుకోవడం నా దృష్టిలో సరికాదు.

ఇప్పుడు వైద్యుల గీతలనూ సాఫ్ట్‌వేర్ గీతనూ విడివిడిగా డోసు పటం మీద పెట్టి, ప్రతి దానికీ సగటు డోసు లెక్కిస్తున్నాం. రెండు సీటీల మధ్య వచ్చిన మార్పు, ఒకే సీటీ మీద వైద్యుల మధ్య ఉన్న తేడాను మించినప్పుడే దానిని గ్రంథిలో వచ్చిన మార్పుగా నమోదు చేస్తున్నాం.