సి పుస్తకం, మిర్చి టిక్కీ: ఆరు వారాల చిట్టా

జనవరి 9

విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్ల ముందు గంటసేపు తిరిగితే దొరికింది. కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే సి భాషను తయారుచేసిన డెన్నిస్ రిచీ, బ్రయన్ కెర్నిగాన్‌తో కలిసి రాసిన పుస్తకం. 1988 నాటి రెండో కూర్పు. మూడు వందల పేజీలు కూడా లేవు. కొట్టతను నూట ఎనభై చెప్పాడు, నూట ఇరవైకి ఇచ్చాడు. ఇంతకుముందు ఎవరి దగ్గర ఉండేదో గానీ, మొదటి అధ్యాయం నిండా ఆకుపచ్చ సిరా గీతలు. రెండో అధ్యాయం నుంచి పేజీలు మడత నలగకుండా ఉన్నాయి.

ఆ పాత యజమానిని తప్పుపట్టే అర్హత నాకు లేదు. మొదటి సెమిస్టర్‌లో సి పాసయ్యాను. ల్యాబ్ రికార్డులో ముప్పై ప్రోగ్రాములు ముచ్చటైన దస్తూరితో రాశాను, అన్నీ సీనియర్ రికార్డు పక్కన పెట్టుకునే.

జనవరి 12

పెట్టుకున్న నియమం ఒక్కటే: పేజీ చదవడం, పుస్తకం మూయడం, ఆ తర్వాతే కీబోర్డు ముట్టుకోవడం. చూస్తూ కొడితే వేళ్లకు వస్తుంది తప్ప నాకు రావడం లేదు.

మొట్టమొదటి ప్రోగ్రామే కంపైల్ కాలేదు, అంటే కంప్యూటర్ నడిపే రూపంలోకి మారలేదు. పుస్తకంలో, ప్రోగ్రాం మొదలయ్యే మెయిన్ ముందు ఏమీ ఉండదు. అప్పట్లో అది ఇచ్చే విలువ రకం చెప్పకపోతే ఇంట్, అంటే పూర్ణాంకం, అనుకునేవారు. 1999 ప్రమాణంలో ఆ వెసులుబాటు తీసేశారు, నేను వాడే కంపైలర్ జీసీసీ 14 అయితే దాన్ని ఏకంగా తప్పు కిందే లెక్కగడుతుంది. మెయిన్ ముందు ఇంట్ చేర్చితే సరిపోయింది. ఈ పుస్తకం కొనేవాళ్లు మొదటి రోజే తెలుసుకోవలసిన సంగతి ఇది. కంపైలర్ చేత చాలా రకాల హెచ్చరికలు చూపించే ‘-వాల్’ కూడా అప్పుడే అలవాటు చేసుకోవాలి.

జనవరి 13 నుంచి 16

పండగ. అరిసెలు.

జనవరి 19

ఫారెన్‌హీట్ నుంచి సెల్సియస్‌కు మార్చే పట్టిక. సున్నా నుంచి 300 వరకు, ఇరవై చొప్పున, పదహారు వరుసలు. పుస్తకం మూసి, బడిలో నేర్చుకున్న సూత్రం యథాతథంగా కొట్టాను: 5/9 ని (ఎఫ్ - 32) తో గుణించడం. పదహారు వరుసల్లోనూ సున్నాలే.

అరగంట, తెర మీద చూపించే ప్రింట్‌ఎఫ్‌నే అనుమానించాను. అసలు దొంగ 5/9. రెండూ పూర్ణాంకాలైతే సి భాగఫలాన్ని కూడా పూర్ణాంకంగానే ఇస్తుంది, దశాంశ భాగం పారేస్తుంది. కాబట్టి 5/9 అంటే సున్నా, దాన్ని దేనితో గుణించినా సున్నా. పుస్తకం తెరిచి చూస్తే వాళ్లు ముందు 5 తో గుణించి, చివర 9 తో భాగించారు. కారణం కూడా పక్కనే రాశారు. చదివాను కూడా, బుర్రకు ఎక్కలేదు.

సరిచేశాక 100 కి 37, 120 కి 48 వచ్చాయి. గుంటూరు మే నెల ఈ రెండు వరుసల మధ్య ఎక్కడో ఉంటుంది.

జనవరి 28

అక్షరాలు లెక్కపెట్టే ప్రోగ్రాం. నడిపాను, ఏదో టైప్ చేశాను, ఎంటర్ కొట్టాను, జవాబు లేదు. తీరా చూస్తే అది నేను ముగిస్తానని ఎదురుచూస్తోంది. లినక్స్‌లో కంట్రోల్-డి, విండోస్‌లో కంట్రోల్-జెడ్ కొట్టి ఎంటర్. ఒక్కో అక్షరాన్ని చదివే గెట్‌చార్ ఇచ్చేదాన్ని, ఒక్క అక్షరమే పట్టే చార్‌లో కాకుండా ఇంట్‌లో ఎందుకు దాచాలో కూడా ఇక్కడే తెలిసింది: అన్ని అక్షరాలతో పాటు, వాటిలో దేనితోనూ కలవని ‘అయిపోయింది’ అనే గుర్తు కూడా అందులో పట్టాలి.

ఫిబ్రవరి 8

మా బాబాయి గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తా. సీజన్‌లో ఆయన చొక్కా ఇంట్లోకి వస్తే అందరికీ తుమ్ములే. కాటా చీటీ చూపించి, “దీనికి కంప్యూటర్‌లో లెక్క కట్టగలవా?” అన్నారు. టిక్కీల (మిర్చి బస్తాల) తూకాలు కిలోల్లో, ధర క్వింటాలుకు. అంటే తూకాన్ని ధరతో గుణించి వందతో భాగించాలి.

ముందు వందతో భాగిస్తే 43 కిలోల టిక్కీకి ధర సున్నా. ఆ దెబ్బ పట్టికలోనే తిన్నాను కాబట్టి ముందే గుణించాను. క్వింటాలు 15,000 అనుకుంటే 6,450 రూపాయలు. బాబాయి తలూపారు.

ఫిబ్రవరి 11

అదే ప్రోగ్రాంను కాలేజీ ల్యాబ్‌లో నడిపాను. అక్కడ ఇంకా డాస్ కాలపు కంపైలరే, నీలం తెరది. టిక్కీ ధర: మైనస్ 103.

సాయంత్రం ఫోనులో చెబితే బాబాయి నవ్వు ఆపలేదు. “ఒరేయ్, అయితే రైతు టిక్కీ ఇచ్చి, పైన నూట మూడు రూపాయలు కూడా మనకే కట్టాలా?”

కాగితం మీద లెక్క వేస్తే తేలింది. ఆ కంపైలర్‌లో ఇంట్‌కు 16 బిట్లే, గరిష్ఠంగా 32,767. నా 43 × 15,000 అంటే 6,45,000. 16 బిట్లలో పట్టేవి 65,536 విలువలే, అది దాటితే లెక్క మళ్లీ మొదటికి తిరుగుతుంది. 6,45,000 లోంచి 65,536 ను పదిసార్లు తీసేస్తే మైనస్ 10,360 మిగులుతుంది. దాన్ని వందతో భాగిస్తే మైనస్ 103. ఇంట్లో జీసీసీ ఇంట్‌కు 32 బిట్లు ఇస్తుంది కనుక గొడవ బయటపడలేదు.

జవాబు దాచే పెట్టెను లాంగ్ (ఇంకా పెద్ద పూర్ణాంకాలు పట్టే రకం) చేశాను, అయినా అదే మైనస్. ఇంట్‌ను ఇంట్‌తో గుణిస్తే లెక్క ఇంట్‌లోనే జరుగుతుంది, పాడైన తర్వాతే లాంగ్‌లోకి వెళుతుంది. ధరనే లాంగ్‌గా ప్రకటించి, ప్రింట్‌ఎఫ్‌లో ఇంట్‌ను చూపే శాతం-డి బదులు లాంగ్‌ను చూపే శాతం-ఎల్‌డి పెడితే 6,450 వచ్చింది. రికార్డులో రాసిన ముప్పై ప్రోగ్రాముల్లో ఈ ముక్క ఎక్కడా తగల్లేదు.

ఫిబ్రవరి 21

37 టిక్కీల లాట్. తూకాలను ఒక్కొక్కటే తీసుకుని కూడుతూ పోయి, సున్నా కొడితే ఆగేలా లూప్ రాసి, ల్యాప్‌టాప్ బాబాయి ముందు పెట్టాను. ఆయనకు ప్రతి తూకం పక్కన కామా పెట్టే అలవాటు. 43, అని కొట్టారు. అంతే, తెర మీద మొత్తం ఆగకుండా పెరగడం మొదలైంది. కొట్టిన సంఖ్యను చదివే స్కాన్‌ఎఫ్‌కు కామా అంకె కాదు, దాన్ని అక్కడే వదిలేసింది. పాత 43 పెట్టెలో అలాగే ఉంది, లూప్ దాన్నే కూడుకుంటూ పోయింది. ఏడో అధ్యాయంలోకి తొంగిచూసి, స్కాన్‌ఎఫ్ తిరిగి ఇచ్చే విలువ (ఎన్ని సంఖ్యలు చదవగలిగిందో ఆ లెక్క) ఒకటి కాకపోతే ఆగిపోయేలా మార్చాను.

రెండోసారి నేనే కొట్టాను, ఆయన పక్కన పెన్నుతో. మొత్తం 1,591 కిలోలు, 2,38,650 రూపాయలు. ఇద్దరికీ ఒకటే జవాబు. కాకపోతే నేను ఇరవై ఆరో టిక్కీ దగ్గర ఉండగానే ఆయన పెన్ను మూత పెట్టేసి టీ చెప్పారు.