బ్లాకు కోసే చేతుల కోసం: మా హిస్టోపాథాలజీ ల్యాబులో నా అనుభవం

తిరుపతిలో ఒక ఆసుపత్రి హిస్టోపాథాలజీ ల్యాబులో, అంటే ఒంట్లోంచి తీసిన ముక్కల్ని మైక్రోస్కోపు కింద చూసేందుకు సిద్ధం చేసే చోట, నేను సీనియర్ టెక్నీషియన్‌ని. మా ఇన్‌చార్జి సార్ రిటైరయిన కొన్నాళ్లకే, చెయ్యి బాగా తిరిగిన ఇంకో అన్న మంచి జీతం వస్తోందని బెంగళూరు వెళ్లిపోయాడు. మిగిలింది నేనూ, ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా (డీఎంఎల్‌టీ) అయిపోయి కొత్తగా చేరిన ఒక పాకాల అబ్బాయీ. వచ్చే బయాప్సీలు మాత్రం తగ్గలేదు. థియేటర్ల నుంచి, ఎండోస్కోపీ గది నుంచి, గైనిక్ ఓపీ నుంచి డబ్బాలు వస్తూనే ఉన్నాయి. అక్కడి నుంచి ల్యాబు మళ్లీ గాడిన పడేదాకా ఏమేం చేశామో రాస్తున్నాను. మనుషులు చాలక ఇట్లాగే అవస్థ పడుతున్న ల్యాబుల వాళ్లకు పనికొస్తుందని నా ఆశ.

పోస్టులు కావాలని ఆఫీసుకు వెళ్తే మొదట ఎదురైన ప్రశ్న ఇది. "బయోకెమిస్ట్రీలో ఒక్క మనిషి పూటకు వందల శాంపిళ్లు చేస్తున్నాడు కదమ్మా, మీకు వచ్చే కేసులకు ఇద్దరు చాలరా?" అడిగినాయన తప్పుగా అడగలేదు. ఆయన ముందున్న కాగితంలో కేసుల సంఖ్య తప్ప ఇంకేమీ లేదు. ఎండోస్కోపీలో తీసిన చిన్న ముక్క ఒక కేసు, దానికి ఒక బ్లాకు, అంటే ముక్కను మైనంలో పెట్టి గట్టిపరిచిన దిమ్మె. క్యాన్సర్‌కి తీసేసిన మొత్తం రొమ్ము (మాస్టెక్టమీ) కూడా రిజిస్టర్లో ఒక కేసే. కానీ గడ్డ నుంచి, అంచుల నుంచి, చనుమొన దగ్గరి నుంచి, చంకలో దొరికిన ప్రతి లింఫ్ గ్రంథి నుంచి ముక్కలు తీస్తే అది ఇరవై, ముప్పై బ్లాకులవుతుంది. ఒక్కో బ్లాకునూ మనిషే మైనంలో నిలబెట్టాలి, మనిషే కోయాలి. రాత్రంతా ముక్కల్ని ఆల్కహాల్లో, జైలీన్‌లో, కరిగిన మైనంలో తిప్పే ప్రాసెసర్ ఉంది కానీ, తెల్లారి ఆ మైనంలోంచి సెక్షన్, అంటే పల్చటి పొర, తీసే పని ఎవరో ఒకరి చేతి మీదే నడుస్తుంది.

అందుకని రిజిస్టర్లో కొత్త గడులు గీశాను. కేసుకు ఎన్ని బ్లాకులు, ఎన్ని స్లైడ్లు, లోతుగా ఇంకా కోసి తెమ్మని డాక్టర్లు ఎన్నిసార్లు అడిగారు, స్పెషల్ స్టెయిన్లు (మామూలు రంగు కాక వేసే ప్రత్యేక రంగులు) ఎన్ని, పొద్దున మైక్రోటోమ్ (బ్లాకును పల్చగా కోసే యంత్రం) ముందు కూర్చున్నవాళ్లు ఎప్పుడు లేచారు, అన్నీ రాయడం మొదలుపెట్టాం. మా పాథాలజీ మేడమ్ ఆ పుస్తకం పట్టుకుని నాతోపాటు వచ్చారు. కేసుల లెక్క పక్కన బ్లాకుల లెక్క పెట్టి చూపించాక మాట మారింది. ఇంకో మాట కూడా మేడమ్ గట్టిగా చెప్పారు. బయాప్సీ రిపోర్టు లేకుండా ఆరోగ్యశ్రీలో క్యాన్సర్ వైద్యానికి అనుమతి రాదు, మన దగ్గర ఆలస్యమైన ప్రతి రోజూ ఆ మనిషికి మందు ఆలస్యమవుతుంది అని. పలమనేరు నుంచో సత్యవేడు నుంచో బస్సెక్కి వచ్చి, కిటికీ దగ్గర నిలబడి "ఈరోజైనా వస్తుందా తల్లీ" అని అడిగేవాళ్లను రోజూ చూస్తున్న నాకు ఆ మాట చాలా ధైర్యమిచ్చింది. చివరికి రెండు కాంట్రాక్టు పోస్టులు ఇచ్చారు.

ఇంటర్వ్యూకి వచ్చిన పిల్లలు పుస్తకం బాగా చదివారు. ముక్క కుళ్లకుండా కాపాడే ఫార్మలిన్ ఎట్లా కలపాలంటే టకటకా చెప్పారు. మైక్రోటోమ్ చక్రం తిప్పినవాళ్లు మాత్రం తక్కువ. బ్యాచికంతా ఒకే మైక్రోటోమ్ ఉంటే వాళ్లు మాత్రం ఏం చేస్తారు? ప్రశ్నలు తగ్గించి, ఒక్కొక్కరికి ఒక ఫైబ్రాయిడ్ (గర్భసంచిలో వచ్చే మామూలు గడ్డ) బ్లాకు, ఒక కొత్త బ్లేడు ఇచ్చి కొయ్యమన్నాం. రిబ్బన్, అంటే ఒకదానికొకటి అంటుకుని వచ్చే సెక్షన్ల వరుస, వచ్చిందా లేదా అని నేను పెద్దగా పట్టించుకోలేదు. బ్లాకు మీద చెయ్యి పెట్టేముందు చక్రం లాక్ చేశారా, బ్లేడు మీద గార్డు వేశారా, బ్లాకు మీద నంబరు ఒకసారి చదివారా, ఇవే చూశాను. ఆ లెక్కన మదనపల్లె అమ్మాయినీ, పుత్తూరు అబ్బాయినీ తీసుకున్నాం. పుత్తూరు అబ్బాయి అంతకుముందు చిన్న ల్యాబులో రక్తపరీక్షలు చేసేవాడు, సూది తప్ప బ్లేడు ఎరగడు.

అసలు కష్టం వాళ్లు చేరాక మొదలైంది. నేర్పాల్సిందీ నేనే, రోజువారీ బ్లాకులు కోయాల్సిందీ నేనే. పని చేస్తూ పక్కన కూర్చోబెట్టుకుని నేర్పితే చాలని ఆఫీసు వాళ్లు అనుకున్నారు. ఈ పనిలో అది కుదరదు. కోసేటప్పుడు కన్ను బ్లేడు మీది నుంచి కదలకూడదు. మేడమ్‌తో మాట్లాడి ఒక ఏర్పాటు చేసుకున్నాం. పొద్దున ఏడింటి నుంచి పదింటి దాకా క్యాన్సర్ అనుమానం ఉన్నవీ, చిన్న బయాప్సీలూ నేను కోస్తాను. ఆ తర్వాత పూర్తిగా నేర్పడమే. అపెండిక్స్, గాల్ బ్లాడర్ లాంటి మామూలు కేసుల రిపోర్టు కొన్నాళ్లు ఒకరోజు ఆలస్యంగా వస్తుంది. సర్జన్లలో ఒకరిద్దరు విసుక్కున్నారు, మేడమ్ సర్దిచెప్పారు. ల్యాబు నిలబడిందంటే ఈ ఒక్క నిర్ణయం వల్లే. కొత్తవాళ్లకు జీతం ఇస్తే చాలదు, నేర్పేవాళ్లకు టైమ్ కూడా ఇవ్వాలని ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పేది ఇదే.

మొదట్లో వాళ్లను మైక్రోటోమ్ దగ్గరకు రానివ్వలేదు. డబ్బా అందుకునే దగ్గర నిలబెట్టాను. ముక్కకు కనీసం పదింతలు, వీలైతే ఇరవై ఇంతలు ఫార్మలిన్ ఉండాలి. 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్ కణజాలంలోకి గంటకు ఒక మిల్లీమీటరు లెక్కన మాత్రమే ఇంకుతుంది. గర్భసంచిని కోసి తెరవకుండా అట్లాగే డబ్బాలో కుక్కి పంపితే బయట గట్టిపడి లోపల కుళ్లుతుంది. అట్లాంటి ముక్కను ఎంత చెయ్యి తిరిగినవాళ్లు కోసినా సెక్షన్ బాగుండదు. రొమ్ము క్యాన్సర్‌కి ఏ మందు పనిచేస్తుందో చెప్పే ఈఆర్, పీఆర్, హర్‌2 పరీక్షలు నమ్మదగ్గట్టు రావాలంటే ఫార్మలిన్‌లో 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలకు మించకుండా ఉండాలి. అందుకే ఫార్మలిన్‌లో వేసిన టైమ్ ఫారం మీద లేకపోతే థియేటర్‌కి ఫోన్ చేసి అడగమని చెప్పాను. మొదట్లో సిస్టర్లకు ఫోన్ చేయాలంటే పిల్లలకు టెన్షన్. ఇప్పుడు ఆ సిస్టర్లే రాసి పంపుతున్నారు.

తర్వాత ఎంబెడింగ్. కరిగిన మైనంలో ముక్కను ఏ వైపు నిలబెట్టామన్న దాన్ని బట్టే డాక్టరుకు ఏం కనిపిస్తుందో తేలుతుంది. చర్మం ముక్కను పడుకోబెడితే పై పొర నుంచి అడుగున కొవ్వు దాకా ఒకే వరుసలో కనపడదు, అంచు మీద నిలబెట్టాలి. పేగు, గాల్ బ్లాడర్ గోడ కూడా అంతే. ఫెలోపియన్ ట్యూబును అడ్డంగా కోసినప్పుడు గుండ్రంగా, మధ్యలో దారితో కనపడాలి. మదనపల్లె అమ్మాయికి ఇది త్వరగా పట్టుబడింది. "అక్కా, ఇది ఎటు నుంచి చూస్తారు?" అని ప్రతి ముక్కకూ అడిగేది. నాకు తెలియనప్పుడు గ్రాసింగ్ చేసిన, అంటే వచ్చిన అవయవాన్ని చూసి ముక్కలు తీసిన, డాక్టర్ దగ్గరకే పంపేదాన్ని.

ఇక కోత. రిపోర్టులై, దాచాల్సిన గడువు కూడా దాటిపోయిన బ్లాకులు ఒక ట్రే నిండా ఇచ్చాను. ముందు మందంగా చెక్కి ముక్క పూర్తి ముఖం బయటపడేదాకా రావాలి. తర్వాత బ్లాకును ఐసు మీద పెట్టి చల్లబరిచి, 3 లేదా 4 మైక్రాన్లకు మార్చుకుని, చక్రం నిదానంగా, ఒకే వేగంతో తిప్పాలి. తలవెంట్రుక మందంలో దాదాపు ఇరవయ్యో వంతు అది. తొందరపడితే ఒక సెక్షన్ మందం, ఒకటి పల్చన. బ్లేడు కోణం సరిగా లేకపోయినా, బ్లాకు బిగువుగా పట్టుకోకపోయినా సెక్షన్ నిండా అడ్డగీతలు పడతాయి. నిలువుగా ఒకే చోట చీలిక వస్తోందంటే అక్కడ బ్లేడు దెబ్బతిన్నట్టు, లేదా ముక్కలో సున్నం ఉన్నట్టు. బ్లేడు పక్కకు జరిపి చూస్తే ఏదో తెలిసిపోతుంది. పుత్తూరు అబ్బాయికి రిబ్బన్ రావడానికి చాలా కాలం పట్టింది. చేతిలో బలం ఎక్కువ, చక్రాన్ని లాగేసేవాడు. నేను వాడి చెయ్యి మీద చెయ్యి వేసి తిప్పించాను. రిబ్బన్ వచ్చిన రోజు ల్యాబులో ఉన్నవాళ్లందరినీ పిలిచి చూపించాడు.

ముక్కను బట్టి కోత మారుతుంది, ఇది పుస్తకంలో చదివితే రాదు. ఫైబ్రాయిడ్ తేలిక. రొమ్ములో కొవ్వు ఎక్కువుంటే మైనం సరిగా పట్టక, ముడతలు విప్పడానికి గోరువెచ్చని నీళ్ల మీద వేయగానే చెదిరిపోతుంది. గర్భసంచి గీకి తీసిన ముక్కల్లో రక్తం గడ్డలుంటే పొడిపొడిగా రాలుతుంది, బ్లాకు ముఖాన్ని కాసేపు తడిపి ఉంచి కోయాలి. ఎముకైతే ముందు ఆసిడ్‌లోనో ఈడీటీఏలోనో సున్నం తీయకుండా బ్లేడు దగ్గరకు తేకూడదు. అన్నిటికంటే భయం ప్రోస్టేట్ సూది బయాప్సీ. దారప్పోగంత ముక్క, చెక్కేటప్పుడు నాలుగు చుట్లు ఎక్కువ తిప్పితే సగం చెత్తబుట్టలో. తర్వాత ఐహెచ్‌సీ (యాంటీబాడీలతో చేసే ప్రత్యేక పరీక్ష) చేయాలన్నా, ఆ కుటుంబం బ్లాకు తీసుకుని రెండో అభిప్రాయానికి వేలూరు వెళ్లాలన్నా ముక్క మిగిలి ఉండాలి కదా. అందుకే ఆ బ్లాకులు మొదటి ఆరు నెలలు ఎవరికీ ఇవ్వలేదు.

కచ్చితంగా ఉన్న నియమాలు మాత్రం రెండున్నాయి. ఒక బ్లాకు పూర్తయ్యాక, ఇంకో బ్లాకు రిబ్బన్ వేసేముందు ఆ నీళ్ల తొట్టి (వాటర్ బాత్) పైభాగాన్ని టిష్యూ పేపరుతో తుడవాలి. తేలుతున్న చిన్న తునక ఒకటి పక్క పేషెంటు స్లైడు మీద అతుక్కుంటే, క్యాన్సర్ లేని మనిషికి క్యాన్సర్ ఉన్నట్టు కనపడొచ్చు. స్లైడు మీద నంబరు కూడా ఆ బ్లాకు చేతిలోకి తీసుకున్నాకే రాయాలి, ముందే వరుసగా రాసి పెట్టుకోకూడదు. ఎంత పని ఉన్నా, ఎవరు తొందరపెట్టినా ఈ రెండింట్లో సడలింపుకు నేను ఒప్పుకోను.

స్టెయినింగ్ పాకాల అబ్బాయి చేతిలో పెట్టాను, వాడికి రంగు మీద మంచి కన్ను. నీలం రంగు హీమటాక్సిలిన్ రోజూ వడకట్టి, ఆసిడ్ ఆల్కహాల్లో ముంచి తీసి, నీళ్ల కింద నీలం తేలేదాకా పెట్టి, ఆ తర్వాత గులాబీ రంగు ఇయోసిన్. మా బోరు నీళ్లు గట్టి నీళ్లు కావడంతో నీలం బాగానే తేలుతుంది. రోజూ ఒక స్లైడు ముందుగా చేసి మేడమ్‌కు చూపించి, సరే అన్నాకే మిగతావి దించుతాడు. కుష్టు అనుమానం ఉన్న చర్మం ముక్కలకు చేసే ఫైట్ స్టెయిన్లో జైలీన్‌తో వేరుశనగ నూనె కలుపుతాం. మైనం తీసేటప్పుడు ఆ బాక్టీరియా గోడ దెబ్బతినకుండా నూనె కాపాడుతుంది. ఇది విన్నప్పుడు పిల్లలు ముగ్గురూ ముఖముఖాలు చూసుకున్నారు. ముగ్గురి ఇళ్లలోనూ చెనక్కాయలు పండిస్తారు.

వాళ్లు చేరాక మొదటి మే నెల వచ్చింది. ఎండ నలభై డిగ్రీలు దాటితే ఐసు మీద నుంచి తీసిన బ్లాకు కోసేలోపే వెన్నముద్దలా మెత్తబడుతుంది. కోత గదికి ఏసీ అడిగి, వచ్చేదాకా పని పొద్దున ఆరింటికే మొదలుపెట్టాం. అదే నెలలో గంగమ్మ జాతర, ఊళ్లో వాళ్లందరికీ సెలవు కావాలి. అప్పుడే మేం సెలవుల పద్ధతి రాసుకున్నాం. కోయగలిగిన వాళ్లు ఏ రోజైనా ఇద్దరు తప్పనిసరిగా ఉండాలి, మిగతా సెలవులు వాళ్లలో వాళ్లే మార్చుకోవాలి. రాత్రి కరెంటు పోతే జనరేటర్ అందుకుందో లేదో, ప్రాసెసర్ నడుస్తోందో లేదో చూడటానికి క్యాజువాలిటీ వాచ్‌మన్ అన్నకు మా ఫోన్ నంబర్లు ఇచ్చాం. ముక్కలు మధ్యలో గాలికి ఎండిపోతే మళ్లీ తెచ్చే దారి లేదు, ఆ పేషెంటుకు ఇంకోసారి బయాప్సీ చేయాల్సి వస్తుంది.

మనుషుల గురించే మాట్లాడుతున్నాం కాబట్టి ఇదీ చెప్పాలి. ఫార్మలిన్‌లో ఉండే ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ కలిగించేదే అని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. గ్రాసింగ్ బల్ల దగ్గర గాలి లాగే ఏర్పాటు లేకుండా, సరైన గ్లవుజులు లేకుండా పిల్లల్ని గంటల తరబడి నిలబెట్టడం అన్యాయం. గర్భంతో ఉన్న టెక్నీషియన్‌ను గ్రాసింగ్‌కీ, జైలీన్ పనికీ దూరంగా పెట్టాలి. అందుకోసం కూడా ఒక మనిషి అదనంగా ఉండాల్సిందే. మా అభ్యర్థన పత్రంలో ఈ కారణం విడిగా రాశాం.

ఇప్పుడు నలుగురం ఉన్నాం, నలుగురం కోస్తాం. మామూలు కేసుల ఆలస్యం పోయింది. ప్రోస్టేట్ బ్లాకులు ఈమధ్యే మదనపల్లె అమ్మాయికి ఇవ్వడం మొదలుపెట్టాను, మొదటి కొన్ని నేను పక్కన కూర్చుని చూశాను. ఐహెచ్‌సీకి విడిగా ఒక పోస్టు అడిగాం, ఫైలు ఆఫీసులో ఉంది. పక్క కాలేజీ నుంచి ఇంటర్న్‌షిప్‌కి వచ్చే ఎంఎల్‌టీ పిల్లలకు శుక్రవారం మధ్యాహ్నాలు పాత బ్లాకులు ఇచ్చి కోయిస్తున్నాం. ఈసారి పోస్టు వచ్చేసరికి చక్రం తిప్పడం వచ్చినవాళ్లు ఊళ్లోనే ఉంటారు.